నిప్పురవ్వకు ఎంత బలం కావాలి? – పాత అంబాసిడర్‌లో ఇగ్నిషన్ మార్చిన పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీవాళ్ళు అడిగినప్పుడు మేము ముగ్గురం ఆలోచనలో పడ్డాం. కవితలు ఎలాగూ చాలామంది ఇస్తారు. మాలో ఒకరు ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు చేశారు, ఒకరు పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా చేశారు, ఒకరు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు. ముగ్గురం ఒకే కారు బానెట్ మీద వంగి చేతులు మసి చేసుకుని నేర్చుకున్న పాఠం ఒకటుంది. అది రాస్తే ఐ.టి.ఐ., పాలిటెక్నిక్‌లకు వెళ్ళబోయే తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం. పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తుంటే చాలు, అంతా అర్థమవుతుంది.

ఆ కారు మా సీనియర్ అన్న వాళ్ళ నాన్నది. మేమందరం ఆయన్ని బాబాయి అనే పిలుస్తాం. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు అంబాసిడర్ తయారీని 2014లో ఆపేశారు. టాక్సీ స్టాండుల్లో ఆ కారు దాదాపు కనబడకుండా పోయింది. కానీ పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు తెల్ల అంబాసిడర్ కావాలని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. బాబాయి బతుకుతెరువు ఆ ముహూర్తాల మీదే. ఇంజను పాత 1489 సి.సి. పెట్రోలుది, నాలుగు సిలిండర్లు, కార్బురేటర్, సీబీ పాయింట్లు. ఇంగ్లండులో బి.ఎం.సి. కంపెనీ తయారుచేసిన బి-సిరీస్ ఇంజనే మన దేశంలో అంబాసిడర్‌కు వచ్చింది.

ఒక ఏడాది మాఘమాసం ముందు కారు పికప్ తగ్గింది. పొద్దున్నే స్టార్ట్ కాదు, ఎత్తు ఎక్కేటప్పుడు తుమ్మినట్టు ఆగి ఆగి లాగుతుంది. బాబాయి చీటీ పాడుకున్న డబ్బు తీసుకుని విడిభాగాల దుకాణానికి వెళ్ళారు. "ఇగ్నిషన్ మొత్తం మార్చేయండి, ఇంజను కొత్తదానిలా లాగుతుంది" అని చెప్పి ఒక హెవీ డ్యూటీ కాయిల్, ఖరీదైన ప్లగ్గులు, లావుపాటి ఎర్రని రాగి హెచ్.టి. వైర్లు అంటగట్టారు. బిగించేటప్పుడే పనిలో పనిగా కొత్త పాయింట్లు కూడా వేశారు. రెండు రోజులు కారు నిజంగానే బాగా పరిగెత్తింది. మూడు వారాలు తిరక్కుండా పెళ్ళికొడుకును తీసుకెళ్తుండగా నడిరోడ్డు మీద ఆగిపోయింది. పెళ్ళివారు ఆటోలు మాట్లాడుకుని వెళ్ళిపోయారు. ఆ రోజు బాడుగ పోయింది, ఆ పెళ్ళివారి ద్వారా రావలసిన మరో రెండు బేరాలూ పోయాయి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూస్తే పాయింట్లు నల్లగా మాడి, ఒకవైపు గుంటపడి, మరోవైపు మొటిమలా లేచి ఉన్నాయి.

ఆ పాయింట్లు ఎందుకు మాడాయో తెలియాలంటే ముందు నిప్పురవ్వ ఎలా పుడుతుందో చూడాలి.

మన హాస్టల్లో పాత ట్యూబులైట్లు ఉన్న రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. చోక్ ఉండేది, పక్కన చిన్న స్టార్టర్ ఉండేది. స్టార్టర్ లోపలి పత్రం కలిసి ఉన్నంతసేపు చోక్‌లో కరెంటు ప్రవహిస్తుంది. పత్రం విడిపోగానే ఆ కరెంటు హఠాత్తుగా ఆగిపోతుంది. తీగచుట్టలో కరెంటు ఎంత త్వరగా మారితే అంత ఎక్కువ వోల్టేజి ప్రేరితమవుతుందని కదా ఫారడే నియమం! ఆ దెబ్బకు వచ్చిన ఎక్కువ వోల్టేజితో ట్యూబు వెలుగుతుంది. కారులో జరిగేదీ ఇదే. స్టార్టర్ స్థానంలో సీబీ పాయింట్లు, చోక్ స్థానంలో ఇగ్నిషన్ కాయిల్. తేడా ఏమిటంటే కాయిల్‌లో రెండు చుట్టలు ఉంటాయి. ప్రైమరీ చుట్టలో చుట్లు తక్కువ, తీగ లావు. సెకండరీలో చుట్లు దానికి సుమారు వంద రెట్లు, తీగ వెంట్రుకంత సన్నం. పాయింట్లు విడిపోయిన క్షణంలో ప్రైమరీలోనే రెండు మూడు వందల వోల్టులు లేస్తాయి. సెకండరీలో అది 20 వేల వోల్టులు దాటుతుంది. ఆ వోల్టేజిని రోటార్ వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకు పంచుతుంది. ఈ ఇంజనులో ఆ వరుస 1-3-4-2.

పాయింట్ల పక్కనే చిన్న డబ్బాలా కండెన్సర్ ఉంటుంది. పాయింట్లు విడిపోయేటప్పుడు వాటి మధ్యనే నిప్పు దూకకుండా అది ఆ కరెంటును ఒక్క క్షణం తనలోకి తీసుకుంటుంది. అది చెడిపోతే పాయింట్లు మాడతాయి, రవ్వ కూడా నీరసపడుతుంది. అందుకే పాయింట్లు మాడగానే మెకానిక్‌లు ముందు కండెన్సర్‌నే అనుమానిస్తారు. మేమూ అదే అనుకున్నాం. కొత్త కండెన్సర్ వేసినా పది రోజుల్లో పాయింట్లు మళ్ళీ నల్లబడ్డాయి.

ఈ పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు రూపొందించాడు. 1910 ప్రాంతంలో క్యాడిలాక్ కార్లలో మొదలై, ఆ తర్వాత అరవై ఏళ్ళకు పైగా ప్రపంచంలో పెట్రోలు కార్లలో ఎక్కువభాగం దీంతోనే నడిచాయి. పాతదని తీసిపారేయాల్సిన పద్ధతి కాదని చెప్పడానికే ఈ మాట.

ఇక మాడిపోయిన పాయింట్ల సంగతి. మా కాలేజీ ల్యాబు నుంచి మల్టీమీటర్ తెచ్చి రెండు కాయిళ్ళ ప్రైమరీ నిరోధాన్ని కొలిచాం. (తక్కువ నిరోధాలు కొలిచేటప్పుడు ముందు మీటరు వైర్లు రెండూ కలిపి ఎంత చూపిస్తుందో చూసి, దాన్ని తీసివేయాలి. ఈ చిన్న జాగ్రత్త ప్రాక్టికల్ పరీక్షలో కూడా పనికొస్తుంది.) పాత కాయిల్ సుమారు 3 ఓమ్‌లు. కొత్తది సుమారు 1.5 ఓమ్‌లు. ఇప్పుడు ఓమ్ నియమం వేయండి. 12 వోల్టులను 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. 1.5తో భాగిస్తే 8 ఆంపియర్లు. ఇంజను నడుస్తూ డైనమో ఛార్జి చేస్తున్నప్పుడు వోల్టేజి 14 దాకా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువే. నాలుగు ఆంపియర్లు తెంచడానికి చేసిన పాయింట్లను అంతకు రెట్టింపు తెంచమంటే అవి ఎన్నాళ్ళు ఆగుతాయి?

ఆ కాయిల్ చెడ్డది కాదు. అది బల్లాస్ట్ రకం. దానితో పాటు వరుసలో మరో 1.5 ఓమ్‌ల బల్లాస్ట్ నిరోధం కలపాలి. అప్పుడు మొత్తం 3 ఓమ్‌లే అవుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు బ్యాటరీని లాగేయడంతో వోల్టేజి 9కో 10కో పడిపోతుంది. ఆ కొద్దిసేపు మాత్రం బల్లాస్ట్‌ను తప్పించి కాయిల్‌కు నేరుగా కరెంటు ఇస్తారు, కాబట్టి రవ్వ బలం తగ్గదు. తెలివైన ఏర్పాటే. కానీ బాబాయి కారులో ఆ బల్లాస్ట్ లేదు, ఆ అదనపు వైరూ లేదు. అమ్మినవాళ్ళు అడగలేదు, కొన్నవారికి తెలియదు. కాయిల్ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో రాసే ఉంది. ఆ ఒక్క వాక్యం చదవగలిగినవాళ్ళు ఆ రోజు పక్కన లేకపోవడమే చీటీ డబ్బు ఖరీదు.

మరి మొదటి రెండు రోజులు కారు ఎందుకు బాగా లాగింది? మమ్మల్ని ఎక్కువగా వేధించిన ప్రశ్న ఇదే. బాబాయి అయితే "కాయిల్ మాత్రం గట్టిదిరా, పాయింట్లే నాసిరకం" అని చాలా రోజులు అన్నారు. ఒక ఆదివారం పరీక్ష పెట్టాం. కొత్త ప్లగ్గులు అలాగే ఉంచి, మళ్ళీ కొత్త పాయింట్లు వేసి గ్యాపు సరిచేసి, పాత 3 ఓమ్‌ల కాయిల్‌ను తిరిగి బిగించాం. ఖాళీ రోడ్డు మీద ఒకే గేరులో గంటకు 30 నుంచి 60 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎంతసేపు పడుతోందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూశాం. గాలి, రోడ్డు వాలు ఒకవైపుకు మొగ్గకుండా పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి చొప్పున చాలాసార్లు చేశాం. తర్వాత కొత్త కాయిల్‌తోనూ అదే చేశాం. రెండింటి మధ్య తేడా మా వేలు బటన్ నొక్కడంలో జరిగే పొరపాటు కంటే తక్కువే ఉంది. అంటే ఆ రెండు రోజుల పికప్ కాయిల్‌ది కాదు. అరిగిన ప్లగ్గులు, మూసుకుపోయిన పాయింట్ల గ్యాపు మార్చడం వల్ల వచ్చింది. అన్నీ ఒకేసారి మార్చారు కాబట్టి పేరు మాత్రం అన్నిటికంటే ఖరీదైనదానికి దక్కింది. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలని ప్రయోగశాలలో ఎందుకు చెబుతారో మాకు అప్పుడు బాగా తెలిసింది.

అసలు విషయం ఇది. ఇంజనుకు శక్తినిచ్చేది పెట్రోలు, నిప్పురవ్వ కాదు. రవ్వ పని అగ్గిపుల్ల పని లాంటిది. పొయ్యి అంటుకున్నాక అగ్గిపుల్ల పెద్దదా చిన్నదా అని అన్నం చూడదు. అంటుకోవడానికి చాలినంత బలం ఉంటే చాలు. అంతకు మించి ఇచ్చినది వేడిగా పోతుంది. కానీ చాలినంత లేకపోతే మాత్రం నష్టం పెద్దది. ఇరవై సార్లలో ఒకసారి మంట తప్పినా ఇరవయ్యో వంతు పని పోయినట్టే, ఆ పెట్రోలు కాలకుండానే సైలెన్సర్లోకి పోతుంది. నాలుగింటిలో ఒక సిలిండర్ పూర్తిగా ఆగితే నష్టం పావు వంతుతో ఆగదు, మిగిలిన మూడూ దాన్ని కూడా ఈడ్చాలి. ఇగ్నిషన్ మారిస్తే పోయిన శక్తి తిరిగి వస్తుంది. ఇంజనులో మొదటి నుంచీ లేని శక్తి మాత్రం రాదు.

"చాలినంత" ఎంత అనేది పరిస్థితిని బట్టి మారుతుంది. ప్లగ్గు గ్యాపు పెరిగినకొద్దీ, సిలిండర్లో ఒత్తిడి పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. అందుకే ప్లగ్గును బయటికి తీసి గాలిలో రవ్వ చూసి "బ్రహ్మాండంగా కొడుతోంది" అనుకుంటే సరిపోదు. అదే ప్లగ్గు లోపల, ఎత్తు మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కొట్టకపోవచ్చు. బాబాయి కారు తుమ్మింది అక్కడే. గాలి ఎక్కువై పెట్రోలు పలచబడినా అంటుకోవడం కష్టమే. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. కొత్త కార్లలో కంప్యూటర్ దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు, మిశ్రమం కాస్త పలచబడుతుంది. కాబట్టి పాత కార్లకు ఇగ్నిషన్ సరిగా ఉండటం ఇదివరకటి కంటే ఇప్పుడే ఎక్కువ అవసరం.

బలం తర్వాత సమయం. మా లెక్కలో బలం కంటే సమయమే పెద్దది.

రవ్వ పడగానే సిలిండర్ అంతా ఒకేసారి భగ్గుమనదు. మంట వ్యాపించడానికి కొంత సమయం కావాలి. లెక్క కోసం 2 మిల్లీసెకన్లు అనుకుందాం. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే క్రాంక్ సెకనుకు 6000 డిగ్రీలు తిరుగుతుంది. 2 మిల్లీసెకన్లలో 12 డిగ్రీలు. అదే 3000 చుట్ల దగ్గర 36 డిగ్రీలు. పిస్టన్ పైకి చేరేసరికి మంట ఊపందుకోవాలంటే వేగం పెరిగినకొద్దీ రవ్వ ముందుగా పడాలి. (వేగం పెరిగితే లోపల గాలి సుడులు తిరిగి మంట కూడా త్వరగా పాకుతుంది, కాబట్టి నిజంగా కావలసిన అడ్వాన్సు ఈ లెక్క చెప్పినంతగా పెరగదు.) ఈ పని డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉండే రెండు చిన్న బరువులు, స్ప్రింగులు చేస్తాయి. వేగం పెరిగితే బరువులు బయటికి జరిగి క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. పక్కనున్న వ్యాక్యూమ్ డబ్బా, తక్కువ లోడు మీద మరికొంత అడ్వాన్సు ఇస్తుంది. మేము ఆ వ్యాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చి చూశాం. పాయింట్ల పళ్ళెం కదలనే లేదు. లోపల రబ్బరు పొర చిరిగిపోయి ఉంది. ఎన్నేళ్ళ నుంచి అలా ఉందో! కొత్త కాయిల్ అమ్మినవాళ్ళు గానీ, బిగించినవాళ్ళు గానీ దాన్ని ఒక్కసారి పీల్చి చూడలేదు. దానికి డబ్బు ఖర్చు కూడా లేదు.

పాయింట్ల గ్యాపుకూ సమయానికీ సంబంధం ఉంది. ఈ ఇంజనుకు పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. క్యామ్‌కు ఒరుసుకునే ఫైబర్ మడమ అరిగినకొద్దీ గ్యాపు తగ్గుతుంది, పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, రవ్వ ఆలస్యమవుతుంది. డ్రైవరుకు ఇది రోజురోజుకూ తెలియదు. పికప్ చాప కింద నీరులా తగ్గిపోతుంది. ఇలా ఆలస్యమైతే శక్తి పోతుంది, ఇంజను వేడెక్కుతుంది. మరీ ముందుగా పెడితే ఇంకా ప్రమాదం. లోపల గులకరాళ్ళు కదిపినట్టు టకటకా శబ్దం వస్తుంది, అలాగే తోలితే పిస్టన్‌కే చిల్లుపడుతుంది. "టైమింగ్ కొంచెం ముందుకు తిప్పితే పికప్ వస్తుంది" అనే సలహా విన్నప్పుడు ఈ శబ్దాన్ని గుర్తుచేసుకోవాలి.

చివరికి మేము కూడా ఇగ్నిషన్ మార్చాం. అయితే కారణం వేరు. బాబాయికి చూపు మందగించింది. టార్చి వెలుగులో ఫీలర్ గేజి పెట్టి 0.4 మిల్లీమీటర్ల గ్యాపు సరిచూడటం ఆయనకు కష్టం. ప్రతిసారీ మెకానిక్ దగ్గరికి వెళ్ళాలి. పాయింట్లే లేకపోతే ఆ బాధ ఉండదు కదా! అందుకని డిస్ట్రిబ్యూటర్ లోపలే పట్టే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేశాం.

అందులో అయస్కాంతాలున్న ఒక ఉంగరం షాఫ్ట్‌తో పాటు తిరుగుతుంది. ఎదురుగా హాల్ సెన్సర్ ఉంటుంది. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న హాల్ ఫలితం మీద అది పనిచేస్తుంది, డిగ్రీ ఫిజిక్స్‌లో ఇది చదువుతాం. అయస్కాంతం ఎదురుగా వచ్చి వెళ్ళినప్పుడల్లా సెన్సర్ సంకేతమిస్తుంది, ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును తెంచుతుంది. ఒరుసుకునేది లేదు, మాడేది లేదు, గ్యాపు మారేది లేదు. క్రైస్లర్ కంపెనీ 1973 నాటికే తన కార్లన్నిటిలో పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది. కాబట్టి మేము చేసింది కొత్త వింత ఏమీ కాదు.

మరి రవ్వ బలం పెరుగుతుందా? మా కారు వేగాలకు ఆ అవసరం ఎంతో లెక్క వేశాం. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ ఒక చుట్టుకు రెండు రవ్వలు. 3000 చుట్ల దగ్గర సెకనుకు 100 రవ్వలు, అంటే ఒక్కోదానికి 10 మిల్లీసెకన్లు. అందులో పాయింట్లు కలిసి ఉండేది సుమారు మూడింట రెండు వంతులు, 6.7 మిల్లీసెకన్లు. కాయిల్‌లో కరెంటు ఒక్కసారిగా పెరగదు. కాలస్థిరాంకం 3 మిల్లీసెకన్లనుకుంటే ఆ సమయంలో పూర్తి కరెంటులో 89 శాతానికి చేరుతుంది. శక్తి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి దాదాపు 79 శాతం. 6000 చుట్ల దగ్గర ఇదే లెక్క వేస్తే శక్తి 45 శాతానికి పడిపోతుంది. రేసు కార్లవాళ్ళు బలమైన కాయిళ్ళ కోసం తాపత్రయపడేది ఇందుకే. పెళ్ళికొడుకును తీసుకెళ్ళే అంబాసిడర్ 6000 చుట్లు ఎన్నడూ తిరగదు. 3 ఓమ్‌ల పాత కాయిల్‌నే ఉంచేశాం.

బిగించేటప్పుడు తెలిసిన కొన్ని విషయాలు చెప్పాలి. ముందు రోటార్ షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని పక్కకు ఊపి చూడాలి. బుష్ అరిగి షాఫ్ట్ ఊగుతుంటే ఏ మాడ్యూల్ వేసినా ఒక్కో సిలిండర్‌కు ఒక్కో సమయంలో రవ్వ పడుతుంది. ఆ ఎర్రని రాగి వైర్లు తీసేసి మామూలు కార్బన్ కోర్ వైర్లు వేశాం. రాగి వైర్లు రేడియోలో గరగర పుట్టిస్తాయి, అదే అల్లరి ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌ను కూడా తికమక పెడుతుంది. బ్యాటరీ ప్లస్, మైనస్ తారుమారైతే మాడ్యూల్ ఒక్క క్షణంలో పోతుంది. ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో వదిలేసి పాటలు వినే అలవాటు మానాలి, కాయిల్ కాలిపోతుంది. ఇంజను నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకి రవ్వ చూడటం పాత మెకానిక్‌ల అలవాటు. ఆ వోల్టేజికి దారి దొరక్కపోతే కాయిల్ లోపలే దూకుతుంది, లేదంటే మన చేతిలోకి దూకుతుంది. దానికి స్పార్క్ టెస్టర్ అని విడిగా దొరుకుతుంది. చివరగా వ్యాక్యూమ్ గొట్టం తీసి, రంధ్రం మూసి, టైమింగ్ లైటుతో మాన్యువల్‌లో చెప్పిన డిగ్రీలకు సరిచేశాం. ప్లగ్గుల గ్యాపు 0.025 అంగుళం, అంటే 0.64 మిల్లీమీటర్లు.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గులు తీసి చూస్తే నాలుగూ బిస్కెట్ రంగులో ఉన్నాయి. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువని, తెల్లగా పాలిపోతే వేడి ఎక్కువని అర్థం.

ఇప్పటి కార్లకు ఇవేవీ చేయనక్కర్లేదు. డిస్ట్రిబ్యూటరే లేదు, ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉంటుంది, సమయం కంప్యూటర్ చూసుకుంటుంది. వాటికి "పవర్ కాయిల్" అమ్మజూపితే అనుమానించాలి. ఇరిడియం ప్లగ్గు ఎక్కువ కాలం మన్నుతుంది, దాని ఖరీదు అందుకే. కానీ ఒక హెచ్చరిక. ఈ కార్లలో మంట తప్పితే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్లో కాలి దాన్ని కరిగించేస్తుంది. ఇంజను లైటు మిణుకుమిణుకుమంటుంటే వర్క్‌షాప్‌లో పనిచేసే తమ్ముడు "ఇంకో వారం తోలండి, చూద్దాం" అనకూడదు.

బాబాయి కారు పొద్దున సగం సెల్ఫ్‌కే అందుకుంటోంది. పికప్ కొత్త కారులా ఏమీ లేదు, అంబాసిడర్‌లా ఉంది. మేము తీసేసిన పాయింట్ల పళ్ళెం, ఇంకా వాడని ఒక కొత్త పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఫీలర్ గేజి ఒక సబ్బు డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచాం. దారిలో మాడ్యూల్ పోతే దాన్ని బాగుచేయడం ఎవరివల్లా కాదు. పాయింట్లయితే ఏ ఊళ్ళోనైనా పాత మెకానిక్ అరగంటలో బిగించేస్తాడు. డబ్బా మూత మీద గ్యాపు ఎంతో, వైర్ల వరుస ఏమిటో పెద్ద పెద్ద తెలుగు అంకెల్లా కనబడేలా మార్కర్‌తో రాసిపెట్టాం, బాబాయి కళ్ళజోడు లేకుండా చదువుకునేలాగ.